ట్రక్కు కిటికీలో అక్క

మొన్న చలికాలంలో ఒక పొద్దున క్రైస్ట్‌చర్చ్‌లో పనికి బయల్దేరుతూ బూట్ల తాళ్ళు కట్టుకుంటుంటే వెల్లింగ్టన్ పక్కనున్న లోవర్ హట్ నుంచి ఫోన్ వచ్చింది. అక్క కూతురు. ఇక్కడే, న్యూజిలాండ్‌లోనే పుట్టిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడలేదు. "అంకుల్, మమ్ ఈజ్ గాన్" అంది. ఆ తర్వాత, ఆ ఒక్క మాటైనా తెలుగులో చెప్పాలనిపించిందేమో, "నిద్రలో" అంది.

మనిషి ఎన్ని రకాలుగా పోవచ్చో అన్ని రకాలూ ఊహించుకుని భయపడిన మనిషి, చివరికి నిద్రలో పోయింది.

ఆవిడ నాకు తోబుట్టువు కాదు. నేను పనిచేసిన చెట్ల కంపెనీ యజమాని భార్య. ఆయన్ని అన్న అనేవాణ్ణి, ఆవిడని అక్క. కంపెనీ అన్నది పెద్ద మాట. ఒక ట్రక్కు, దాని వెనక తగిలించి లాక్కెళ్ళే ఒక చిప్పర్, అన్న, నేను. అంతే. ఇళ్ళ మీదికి వాలిన చెట్లు, కరెంటు తీగల్లోకి పెరిగిన కొమ్మలు కొట్టడం మా పని. నేను తాడు కట్టుకుని పైకెక్కి కోసేవాణ్ణి. అన్న కింద ఆ కొమ్మల్ని ఈడ్చుకెళ్ళి చిప్పర్ నోట్లో పెట్టేవాడు. ఆ నోట్లో రెండు ఇనప రోలర్లు కొమ్మని పట్టుకుని లోపలికి తోస్తాయి. లోపల గిర్రున తిరిగే కత్తులు దాన్ని పొట్టుచేసి, గొట్టంలోంచి ట్రక్కులోకి ఊస్తాయి. రోలర్లు పట్టుకున్నదాన్ని వదలవు. అది కొమ్మా, ఇంకొకటా అని చూడవు.

అక్కకి ఆ కంపెనీలో పనేమీ లేదు. ఆవిడ భయపడేది.

ట్రక్కు ముందు భాగంలో ముగ్గురం పట్టేవాళ్ళం. అన్న డ్రైవింగ్, మధ్యలో నేను, కిటికీ పక్కన అక్క. రాత్రంతా రెస్ట్ హోమ్‌లో ముసలివాళ్ళకి సేవ చేసి వచ్చి, కూతుర్ని బడి దగ్గర దింపి, ఇంటికెళ్ళి పడుకోవలసిన వేళకి మాతో పాటు ట్రక్కెక్కేది. కొండ దారుల్లో దిగుతున్నప్పుడు ఆవిడ ముందున్న రోడ్డు చూసేది కాదు. పక్కద్దంలోకి చూస్తూ, వెనక ఊగుతూ వస్తున్న చిప్పర్‌ మీదే కళ్ళు పెట్టేది. మలుపు వచ్చిన ప్రతిసారీ కుడికాలితో నేలని నొక్కేది. ఆ పక్క బ్రేకేమీ ఉండదు. అయినా అన్న కంటే ముందు ఆవిడే బ్రేకు వేసేది. ఆవిడ కాలి కింద రబ్బరు చాప అరిగిపోయి, అడుగున రేకు కనిపించేది.

చిప్పర్‌ని ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. చీకటి పడ్డాక పాముని పాము అనకుండా పురుగు అంటారే, అలా ఆవిడ దాన్ని "అది" అనేది. "అది ఆపీసేరా?" "దాని దగ్గర ఎవులున్నారు?" "అది చల్లారిందేటి?" అనకాపల్లి వైపు మనిషి. 'ఏటి' అనకుండా ఆవిడకి మాట సాగదు. ప్రతి వాక్యమూ ఒక ప్రశ్నే, ప్రతి ప్రశ్నా భయమే.

పనిలోకి దిగే ముందు మా బట్టలు తనిఖీ చేసేది. వేలాడేది ఏదీ ఆవిడకి నచ్చదు. అన్న స్వెట్టర్ల టోపీ తాళ్ళన్నీ తనే కత్తిరించేసింది. పెళ్ళి ఉంగరం తీయించి ఇంట్లో పెట్టింది. నేను చేరిన మొదటి వారంలో నా మణికట్టు పట్టుకుంది.

"ఏటిది?"

"గుడి దారం అక్కా. అమ్మ కట్టింది."

"తీసీ."

"గట్లెట్ల తీస్త అక్కా? నేను మంచిగ ఉండాలెనని కట్టింది గదా."

"మంచిగుండాలనే తీమంటన్నాను. మీ అమ్మ దాన్ని చూసిందా? చూసుంటే ఈ దారం పళ్ళతోటైనా తెంపీసును."

కత్తెర ఆవిడ సంచీలో సిద్ధంగా ఉంది. నాకు కోపం వచ్చింది. కానీ దారానికీ నా చర్మానికీ మధ్య ఆవిడ తన వేలు దూర్చడం చూసి చెయ్యి ఇచ్చేశాను.

మాది కరీంనగర్ పక్క ఊరు. మా నాన్న తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. నాన్న మోకు భుజాన వేసుకుని తాటివనం వైపు నడిస్తే అమ్మ అటు చూసేది కాదు. బియ్యం ఏరుకుంటూనో, బర్రెకి కుడితి పెడుతూనో వీపు అటు తిప్పేసేది. ఆయన దిగివచ్చి ఇంటి ముందు దగ్గాక గానీ తలెత్తేది కాదు. చదువుకోవడానికి ఈ దేశం వచ్చి, చివరికి నేనూ చెట్లే ఎక్కుతున్నానని అమ్మకి తెలియదు. పార్కుల్లో ఉద్యోగమని చెప్పాను. భయపడే ఆడమనిషి అంటే నాకు తెలిసింది చూడకుండా ఉండే మనిషే. రోజంతా కిటికీ అద్దం దించి, రెప్ప వేయకుండా చూస్తూ భయపడే మనిషిని మొదటిసారి ఇక్కడ చూశాను. ఆ చూపు పక్కన ఉండడమే నాకు బరువుగా ఉండేది.

అన్నకి ఇంకా ఇబ్బందిగా ఉండేది. చెట్టు కొట్టించుకునే ఇంటివాళ్ళు "ఆమె ఎవరు?" అని అడిగితే "మా హెల్త్ అండ్ సేఫ్టీ ఆఫీసర్" అని ఇంగ్లీషులో నవ్వేవాడు. తెలుగులోకి వచ్చేసరికి నవ్వు పోయేది.

"నువ్వలాగ చూస్తుంటే నా చెయ్యి వణుకుద్దే. భయం అంటుకుంటాది, తెల్సా?"

"అంటుకోనీండి. చెయ్యి జాగ్రత్తగా ఉంటాది."

ఒకరోజు మొండికేసి ఆవిడని ఇంట్లోనే వదిలేసి వచ్చాడు. జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. చప్పుడు ఆపే డొప్పలు చెవులకి పెట్టుకున్న మనిషికి, పైగా చిప్పర్ హోరులో, ఏం వినిపిస్తుంది? మధ్యాహ్నానికి చూస్తే, బస్సు దిగి, కొండ మీది వీధంతా చెప్పులతో ఎక్కి, గేటు పట్టుకుని రొప్పుతూ అక్క. అన్న ఇంజను ఆపి, ఇంటి యజమాని చూస్తుండగానే తిట్టాడు. బుద్ధుందా, పిచ్చిదానివా అన్నాడు. ఆవిడ తలవంచుకుని అంతా విని, ఊపిరి తీసుకుని, "తిట్టండి. తిడతన్నారంటే బతికున్నట్టే గదా" అంది. అన్న వెళ్ళి ట్రక్కు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో ఆవిడే ఒకసారి చెప్పింది. వాన పడి పని ఆగింది. అన్న ఇంటివాళ్ళతో మాట్లాడ్డానికి వెళ్ళాడు. ట్రక్కులో ఇద్దరమే.

"మా ఊళ్ళో బెల్లం గానుగలుండేవి తమ్ముడూ. ఇంజను గానుగలు. మా చిన్నాన్న చెరుకు పెట్టీవోడు. మీరు కొమ్మలు పెడతన్నారు, చూడు, అలాగే. మాటాడుకుంటా పెట్టీవోడు. నాను ఎదురుగా కూకుని చెరుకు ముక్క నవులుతన్నాను. చెయ్యెళ్ళిపోయింది."

"అరిచిండా అక్కా?"

"లేదు. అదే నా భయం. అరుస్తారు, మనకి తెలుస్తాదనుకుంటాం. ఎవులూ అరవరు. ఆయన నా వైపు చూశాడు, అంతే. నాను చూస్తన్నాను గానీ, ఏటి చూస్తన్నానో నాకు తెల్లేదు."

అద్దం మీద వాన కారుతోంది.

అయినా, ఆ భయంలో నాకు వాటా లేదనే అనుకునేవాణ్ణి. ఆవిడ భర్త కోసం వస్తోంది, ఆయన చేతుల్ని చూస్తోంది. పైన కొమ్మ మీద ఉన్నప్పుడు ఎప్పుడైనా కిందికి చూస్తే, ట్రక్కు కిటికీలో ఆవిడ మొహం అన్న ఉన్న వైపుకే తిరిగి ఉండేది. వెల్లింగ్టన్ చుట్టుపక్కల గాలి ఎలాంటిదో అక్కడ ఉన్నవాళ్ళకి తెలుసు. చెట్టు మొత్తం ఊగుతుంటే కాండాన్ని కరుచుకుని కళ్ళు మూసుకున్న క్షణాలున్నాయి. అప్పుడు నా కోసం భయపడేవాళ్ళు ఎవరున్నారు? ఉన్న ఒక్క అమ్మకీ అబద్ధం చెప్పాను.

ఆ రోజు పని కొండ అంచున ఉన్న ఒక పాత ఇంట్లో. పెరట్లో గాలికి అడ్డుగా ఎప్పుడో నాటిన మాక్రోకార్పా చెట్టు, రెండంతస్తుల ఇంటికి పైన ఇంకా అంత ఎత్తు. నా బరువు మోసే పెద్ద తాడు పైన ఒక పంగలోంచి వేసుకున్నాను. దాని మిగులు కొస కింద నేల దాకా వేలాడుతుంది. ఆ కొసని కిందికి లాగితే నేను పైకి లేస్తాను. ఎక్కేటప్పుడు అలా లాక్కుంటూనే ఎక్కుతాం. అది కాక, నడుముని కాండానికి కట్టి ఉంచే పొట్టి తాడు ఇంకొకటి. దానికి ఇంగ్లీషులో వేరే పేరుంది గానీ నేను మా నాన్న మాటే వాడేవాణ్ణి, మోకు అని.

గాలి పెరిగింది. నేను కోసి వదిలిన కొమ్మలు కింద కుప్పగా పడుతున్నాయి. నా తాడు కొస ఎగిరి ఆ కుప్ప మీద పడి ఉంటుంది. ఒక కొమ్మ పంగలో అది చిక్కుకుంది. అన్న ఆ కొమ్మనే ఈడ్చుకెళ్ళి చిప్పర్ నోట్లో పెట్టి, ఇంకో కొమ్మ కోసం వెనక్కి తిరిగాడు.

నాకు మొదట తెలిసింది తాడు బిగుసుకోవడం. మరుక్షణం ఎవరో నడుము పట్టుకుని ఎత్తినట్టు పైకి లేచాను. చెట్టు మీద ఉన్నవాడు పడిపోతానని భయపడతాడు. పైకి పోతానని ఎప్పుడూ భయపడడు. తాడు పైకి గుంజుతోంది, మోకు కిందికి పట్టి ఉంచింది. నడుము పట్టీ పక్కటెముకల్లోకి దిగింది. ఊపిరి అందలేదు. కిందికి చూస్తే నా తాడు తీగలా సాగి, చిప్పర్ నోట్లో ఉంది. అన్న వీపు అటు తిరిగి ఉంది. చెవులకి డొప్పలు. రోలర్లకీ కత్తులకీ మధ్య దూరం మూరెడే. కత్తులకి అందితే ఇంక నెమ్మదిగా లాగడం ఉండదు, ఒకే గుంజు.

నేను అరవలేదు. అరవాలని కూడా తోచలేదు.

అప్పుడు అక్క కనిపించింది. తాడు కొమ్మకి చిక్కుకుని కుప్పలోంచి కదిలినప్పుడే, నాకేమీ తెలియకముందే, ఆవిడ ట్రక్కు తలుపు తీసిందట. కేకలు వేసిందట. ఎవరికీ వినిపించకపోతే పరుగెత్తింది. చిప్పర్ నోటి మీద ఒక ఎర్ర కడ్డీ ఉంటుంది, అది తోస్తే రోలర్లు ఆగిపోతాయి. ఇన్నాళ్ళలో ఎప్పుడూ దాని దరిదాపులకి రాని మనిషి, దాని నోటి మీదికే వెళ్ళి, రెండు చేతులతో, రొమ్ముతో ఆ కడ్డీ మీద పడింది.

గుంజడం ఆగింది.

అన్న అప్పుడు తిరిగి చూశాడు. ఇంజను ఆపాడు. ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దంలో గాలి చప్పుడు, ఆవిడ ఆయాసం, రెండే వినిపించాయి. అన్న రోలర్లని చేత్తో వెనక్కి తిప్పి తాడు విడిపించాడు. నలిగింది చివరి బారెడే, పైదంతా బాగానే ఉంది. "దిగు బాబూ, ఏం కాలేదు, దిగు" అన్నాడు.

నేను దిగలేకపోయాను. రెండు చేతులతో కాండాన్ని వాటేసుకున్నాను, బెరడు చెంపకి గుచ్చుకుంటోంది. చేతులు విప్పమంటే విప్పుకోవడం లేదు. ఎలా దిగాలో పూర్తిగా మరిచిపోయాను. నిజంగానే మరిచిపోయాను. ఏ ముడి ముందు, ఏది తర్వాత, ఏమీ లేదు బుర్రలో.

అన్న ఏదో చెప్పబోతే అక్క ఆయన్ని పక్కకి నెట్టింది. చెట్టు మొదట్లోకి వచ్చి తల పైకెత్తి నిలబడింది.

"తమ్ముడూ. నానిక్కడే ఉన్నాను. పొద్దున్న ఏటి తిన్నావు?"

"బ్రెడ్డు" అన్నాను.

"సరే. ఇప్పుడు పెద్ద తాడు పట్టుకో. నువ్వు రోజూ దాన్నే ముందు చూసుకుంటావు. రెండుసార్లు గుంజి చూసుకుంటావు. గుంజు. ఆఁ, ఇంకోపాలి. ఇప్పుడు దాని మీద కూకుంటావు, మెల్లగా. కూకున్నాక ఒకసారి కిందికి చూస్తావు. నన్ను చూడు. చూశావా? ఇప్పుడు మోకు విప్పుతావు. ఎడం చేత్తోనే విప్పుతావు నువ్వు. విప్పు."

ఆవిడ ఎప్పుడూ చెట్టెక్కలేదు. ఆ తాళ్ళ పేర్లు ఎవరూ చెప్పలేదు, మోకు తప్ప. కానీ నేను రోజూ ఎలా దిగుతానో, ఏ చెయ్యి ముందు, ఎక్కడ ఆగి ముక్కు తుడుచుకుంటానో, అంతా ఆవిడ దగ్గర ఉంది. నాది నాకు ఒక్కొక్క మాటగా అందించింది. నేను ఆ మాటల మీద దిగాను.

కాళ్ళు నేలకి తగలగానే ఆవిడ నా చేతులు పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే తడిమి చూసింది. ఆ తర్వాత గడ్డిలో కూలబడిపోయింది. వాంతి చేసుకుంది. అన్న ట్రక్కు చక్రానికి ఆనుకుని, హెల్మెట్‌లో మొహం పెట్టుకుని ఏడుస్తున్నాడు.

"అక్కా, నువ్వు అన్ననే చూస్తుంటవనుకున్న" అన్నాను. ఆ సమయంలో అదే ఎందుకు నోటికి వచ్చిందో తెలియదు.

ఆవిడ మూతి తుడుచుకుంది. "ఆయన చేతులు ఆయనకి కనబడతాయి తమ్ముడూ. నీ తాడు కొస నీకు కనబడదు గదా. నానెప్పుడూ దాన్నే చూస్తాను."

మరునాటి నుంచి ఆవిడ రాలేదు. కిటికీ సీటు ఖాళీ. అన్న ట్రక్కు తోలాడు. పని దగ్గర చిప్పర్ మొదలుపెట్టి, ఒక కొమ్మ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆపేశాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. నేను పైన నాలుగు కొమ్మలు కోసేలోపు పదిసార్లు తాడు కొస వైపు చూసుకున్నాను. సాయంత్రానికి చెట్టు సగం కూడా అవలేదు. కొన్ని రోజులు అలాగే గడిచాయి. ఒకరి కళ్ళలోకి ఒకరం చూసుకోవడం మానేశాం.

చివరికి ఒక సాయంత్రం అన్న నన్ను కూడా ఇంటికి తీసుకెళ్ళాడు. అక్క పొయ్యి దగ్గర పప్పు కలుపుతోంది. అన్న వంటగది గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నువ్వు రాపోతే నా చెయ్యి ముందుకెళ్ళడం లేదే."

"నానొస్తే వణుకుద్దన్నారు గదా."

"ఇప్పుడు రాపోతే వణుకుతోంది."

ఆవిడ నవ్వలేదు. గరిటె పక్కన పెట్టింది. "అప్పుడు ఏటవుతాదో తెలీక భయమేసీది, అందుకే వచ్చీదాన్ని. ఇప్పుడు తెలిసిపోయింది. కళ్ళు మూసుకుంటే అదే. నావల్ల కాదండీ" అంది. పొయ్యి కట్టేసింది. కూతురు పక్కగదిలో హోంవర్కు ఆపేసి వింటోందని మా ముగ్గురికీ తెలుసు.

"వస్తాను" అంది చివరికి. "కిటికీలోంచి కాదు. దాని పక్కనే నిల్చుంటాను, కడ్డీ దగ్గర. నాను చెయ్యెత్తితే ఆపీయాలి. ఎందుకని అడక్కూడదు."

నేను అక్కడ ఉన్నన్నాళ్ళూ ఆవిడ అక్కడే నిలబడింది. నారింజ రంగు చొక్కా, కళ్ళ మీదికి జారే హెల్మెట్, కడ్డీకి జానెడు దూరంలో చెయ్యి. ఆవిడకి ధైర్యం వచ్చిందని రాయలేను. రాలేదు. చాలా పొద్దుల్లో బయల్దేరే ముందు ఇంటి వెనక్కి వెళ్ళి డోకుకుని, నోరు కడుక్కుని ట్రక్కెక్కేది. చిప్పర్ మొదలైతే పెదాలు తెల్లబడేవి. ఊరికే చెయ్యెత్తేది. పిల్లి అడ్డం వస్తే ఎత్తేది, గాలి మారితే ఎత్తేది, కొన్నిసార్లు ఎందుకు ఎత్తిందో ఆవిడకే తెలిసేది కాదు. ఎత్తిన ప్రతిసారీ అన్న ఆపాడు. ఇంటివాళ్ళు గడియారం చూసుకుని విసుక్కున్నా ఆపాడు. ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు.

తర్వాత నేను క్రైస్ట్‌చర్చ్ వచ్చేశాను, వేరే వాళ్ళ దగ్గర, ఇదే పని. పెళ్ళయింది. అక్క నెలకోసారి ఫోన్ చేసి "గాలెలాగుంది అక్కడ?" అని అడిగేది. జబ్బు సంగతి చాలా ఆలస్యంగా చెప్పారు. నేనూ నా భార్యా వెళ్ళేసరికి ఆసుపత్రి మంచంలో చిన్నపిల్లలా అయిపోయి ఉంది. కిటికీ పక్కన కుర్చీలో అన్న. ఆవిడ మొహంలో భయం వెతికాను. నొప్పి ఉంది, అలసట ఉంది. అది మాత్రం కనిపించలేదు.

నా భార్యని దగ్గరికి రమ్మంది.

"ఈడు ఇంకా చెట్లెక్కుతున్నాడా?"

"ఎక్కుతడు అక్కా."

"నీకు భయం లేదా?"

"లేదక్కా" అంది నా భార్య, ఆవిడకి ధైర్యం చెబుతున్నట్టుగా నవ్వుతూ. "అన్నీ సేఫ్టీగనే ఉంటయి గదా. నేను అసలు ఆలోచించను."

అక్క సూదులు గుచ్చిన చేతిని దుప్పట్లోంచి తీసి, నా భార్య మణికట్టు పట్టుకుంది.

"కొంచెం భయపడమ్మా" అంది. మందలింపు కాదు, బతిమాలింది. "ఇన్నాళ్ళూ నాను భయపడ్డాను. ఈడు అక్కడికెళ్ళిపోయినా ఇక్కణ్ణుంచే భయపడ్డాను. ఇంక నాకు ఓపిక లేదు."

అన్న కుర్చీలోంచి లేచి గోడ వైపు తిరిగాడు. నా భార్య మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు.

బయటికి వచ్చాం. లిఫ్టు కోసం నిలబడితే తను నా చెయ్యి పట్టుకుంది. లిఫ్టు వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. తను కదల్లేదు.

"ఎంత ఎత్తు ఎక్కుతవు నువ్వు?" అని అడిగింది.

పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ మాట అడగడం అదే మొదటిసారి.